దేవుడి పటాల వెనక తీగ

చందానగర్,
20 సెప్టెంబర్ 2011, మంగళవారం

మామా,

నిన్న సాయంత్రం ఏడు గంటలకు కింది ఇంటి సక్కుబాయి నన్ను మెట్ల మీద ఆపి, "ఎప్పుడు పోతున్నరు?" అని అడిగింది.

అసలు సంగతి ముందు, వేళ దాని పక్కన, మిగతాది ఆ తర్వాత. తంతి ఆఫీసులో నువ్వు నేర్చుకుని చిన్నప్పుడు నాకు నేర్పిన పద్ధతి ఇదే కదా. నీ చెవులు ఫోనుకి లొంగితే ఈ మాట నిన్ననే చెప్పేదాన్ని.

సక్కుబాయి మా ఇంటి ఓనరు రామన్న భార్య. వాళ్లది ఈ ఊరే. కింద వాళ్లుంటారు, పైన మేం. రామన్న సర్కారు ఆఫీసులో గుమాస్తా, ప్రత్యేక రాష్ట్రం కోసం వారం నుంచి సమ్మెలో ఉన్నాడు. పొద్దున్నే కండువా వేసుకుని చౌరస్తాలోని సమ్మె టెంటుకి వెళ్తాడు, సాయంత్రం వస్తాడు. మూడేళ్లలో మాతో గట్టిగా మాట్లాడింది లేదు. సక్కుబాయి అడిగేది ఎప్పుడూ ఒకటే, పైకి నీళ్లు ఎక్కాయా అని. నిన్నటి ప్రశ్న వేరు. "ఎక్కడికండీ?" అన్నాను. ఆమె నా చేతిలో అట్టపెట్టెలు చూసి కిందికి దిగిపోయింది.

అవి ప్రయాణం పెట్టెలే. సమ్మె సద్దుమణిగేదాకా మా జట్టు బెంగళూరు నుంచి పనిచేయాలని ఆఫీసు చెప్పింది. 30న బయలుదేరాలి. దినేష్ డిసెంబరు దాకా పుణేలోనే ఉంటాడు. కాబట్టి వాళ్లమ్మను, మా అత్త చెన్నమ్మను కూడా నాతో తీసుకెళ్తున్నాను. ఈ సంగతి నేను బయట ఎవరికీ చెప్పలేదు. సక్కుబాయికి ఎలా తెలిసింది?

ఇక్కడ బడులు మూశారు. మెడలో గుర్తింపు కార్డుతో రోడ్డు మీదికి రావద్దని మాదాపూర్ ఆఫీసులో మాకు చెప్పారు. ఆఫీసు క్యాబులు అద్దాల మీది కంపెనీ పేర్ల కాగితాలు పీకేశాయి. నేను కూరగాయల బజారులో నోరు తెరవడం మానేశాను. వంకాయలకూ బెండకాయలకూ వేలు చూపిస్తున్నాను. నోరు తెరిస్తే ప్రొద్దుటూరు బయటపడుతుంది. ఇంతవరకు నన్ను ఎవరూ ఏమీ అనలేదు. ఆ మాట రోజుకు చాలాసార్లు నాకు నేనే చెప్పుకుంటున్నాను.

నిన్ను అడగాల్సింది మొక్క గురించి. మెట్ల పక్కన మాకు గ్రిల్లు వేసిన బాల్కనీ ఉంది. డాబా ఎక్కే ప్రతివాళ్లకూ అది కనిపిస్తుంది. అక్కడ పచ్చటి మొక్క ఉంటే లోపల మనుషులున్నారనుకుంటారు. అది మూడు నాలుగు వారాలు మనిషి లేకుండా బతకాలి. మా ఆఫీసులో అలాంటివి రెండున్నాయి. ఒకటి మనీ ప్లాంట్. రెండోది స్నేక్ ప్లాంట్, కత్తుల్లా నిలబడే మట్టలు, అంచుకు పసుపు చార. నాతో పనిచేసే ఓంకార్ ఏది కావాలంటే అది నర్సరీ నుంచి తెచ్చిస్తానన్నాడు. ఏది తెమ్మనాలి?

28లోపు చేరేలా రాయి.
భార్గవి

*

ప్రొద్దుటూరు,
22 సెప్టెంబర్ 2011

భార్గవికి మామ దీవెనలు.

నీ జాబు ఈ పొద్దు పదకొండుకు చేరింది. స్నేక్ ప్లాంట్ తెమ్మను.

ఎందుకో చెబుతాను. మనీ ప్లాంట్ మంచి మొక్కే. సీసాలో నీళ్లు పోసి పెట్టినా వేళ్లు వేస్తుంది. ఎక్కువ పోసినా ఓర్చుకుంటుంది. కానీ మట్టిలో నీళ్లు అయిపోతే ఆకులు వేలాడేస్తుంది. ఇంట్లో ఎవరూ లేరని చాటింపు వేసినట్టే. స్నేక్ ప్లాంట్ అలా కాదు, మన దగ్గర నార తీసే మట్టల మొక్కకు చుట్టం అది. ఆకులోనే నీళ్లు దాచుకుంటుంది. నెల దాటినా నిటారుగా నిలబడుతుంది. దానికి ఒకటే గండం, నీళ్లు. అడుగున చిల్లి ఉన్న కుండీలో పెట్టు. బయలుదేరే రోజు ఒక్క చెంబు పోసి వదిలెయ్. మళ్లీ మళ్లీ పోస్తే వేరు కుళ్లుతుంది. కుళ్లినా పైకి తెలియనివ్వదు, చచ్చిన తర్వాత కూడా కొన్నాళ్లు పచ్చగానే నిలబడి ఉంటుంది. నువ్వు వెతుకుతున్నది మొక్కను కాదులే, కాపలాదారును. ఆ పనికి ఇదే సరి.

సక్కుబాయి మాట. ఆమె అడిగింది రాశావు, ఏ గొంతుతో అడిగిందో రాయలేదు. ఇంటికి తంతి వచ్చిందంటే విప్పకముందే ఆడవాళ్లు ఏడుపు మొదలుపెట్టేవాళ్లు. విప్పితే సగానికి పైగా పెళ్లి దీవెనలు. జరిగింది ఏదో, నువ్వు అనుకున్నది ఏదో విడదీసి రాయడం అలవాటు చేసుకో.

అయినా జాగ్రత్త తప్పు కాదు. బయలుదేరే తేదీ ఎవరికీ చెప్పొద్దు. తాళంచెవి ఎవరి చేతికీ ఇవ్వొద్దు.

ఇక్కడ అమ్మవారిశాల వీధిలో దసరా పందిళ్లు లేస్తున్నాయి. మునిసిపాలిటీ నీళ్లు మాత్రం రెండు రోజులకోసారే.

మీ మామ,
పెద్దన్న

*

చందానగర్,
28 సెప్టెంబర్ 2011

మామా,

స్నేక్ ప్లాంట్ వచ్చింది. నిన్న సాయంత్రం బాల్కనీలో గ్రిల్లు పక్కనే పెట్టాను. ఎల్లుండి ఉదయం ఆరింటికి ఆఫీసు బస్సు.

మా అత్తకు ఇది నచ్చలేదు. "పాము పేరు పెట్టుకున్న చెట్టును ఇంట్లోకి తెస్తారామ్మే ఎవరన్నా? మీ మామకు చెవులే పోయినాయనుకుంటి," అంది. ఆమె ఓటు మనీ ప్లాంట్‌కే. సరే, దాన్ని కూడా ఓంకార్‌ను తెమ్మంటానంటే ఒప్పుకోలేదు. మనీ ప్లాంట్‌ను కొంటే కలిసిరాదట, అడిగి తెచ్చుకున్నా కలిసిరాదట. బాగా బతికే ఇంట్లోంచి ఎవరూ చూడకుండా తుంచుకొచ్చి పెడితేనే నిలుస్తుందట. పైగా ఆ మాట ఎవరి దగ్గరా నోరు జారకూడదట. మీ వీధిలో అందరూ ఇలాగే అంటారా? నవ్వొచ్చింది. ఈ నెలలో నవ్వింది అదొక్కసారే.

ఆదివారం పొద్దున సక్కుబాయి పైకి వచ్చింది. బతుకమ్మ మొదలవుతోంది, మంగళవారం నుంచి వీధిలో ఆడతారు, నన్నూ రమ్మంది. తలనొప్పిగా ఉందన్నాను. ఇంకా రెండు రోజులుందని ఆమె గుర్తుచేసింది. తర్వాత బాల్కనీ వైపు చూస్తూ, "తాళంచెవి ఇచ్చి పోతవా?" అని అడిగింది. నువ్వు రాసింది గుర్తొచ్చి, ఎక్కడికీ పోవడం లేదని చెప్పాను. అబద్ధమని ఆమెకు తెలిసిపోయింది. మూతి ముడుచుకుని దిగిపోయింది.

గొంతు ఎలా ఉందని అడిగావు. మెల్లగా ఉంది. మెల్లగా అడిగితేనే నాకు ఎక్కువ భయంగా ఉంది.

బెంగళూరు చిరునామా వెనక రాశాను.
భార్గవి

*

ప్రొద్దుటూరు,
4 అక్టోబర్ 2011

భార్గవీ,

నీ జాబు ఆరు రోజులు పట్టింది. మీరు క్షేమంగా చేరారని చెన్నమ్మక్క కూతురు వచ్చి చెప్పింది.

తాళంచెవి అడిగిందన్న ముక్క నాకు నచ్చలేదు. ఓనర్ల దగ్గర మారుతాళం ఉండొచ్చు కదా. ఉంటే అడగడమెందుకు, లేకపోతే ఇప్పుడే కావాల్సి రావడమెందుకు? తిరిగి వెళ్లగానే తాళం మార్చు. ఇంట్లో అడుగుపెట్టాక ముందు ఏది ఎక్కడుందో చూడు, తర్వాతే ముట్టుకో.

దసరాకు చెన్నమ్మక్కను ఇక్కడికి పంపిస్తావని విన్నాను. మంచిదే. వెనక్కి ఒక్కదానివే వెళ్లాల్సి వస్తే మాత్రం పగటిపూట చేరేలా చూసుకో.

మీ మామ

*

చందానగర్,
13 అక్టోబర్ 2011, గురువారం

మామా,

మేం లేనప్పుడు ఇంట్లోకి ఎవరో వచ్చారు. నిన్న ఉదయం తొమ్మిదికి తాళం తీశాక తెలిసింది.

సమ్మె ఆగలేదు, కానీ పని ఆగుతోందని ఆఫీసు మాలో కొందరిని వెనక్కి పిలిచింది. అత్త దసరా నుంచి మీ ఊళ్లోనే ఉంది కాబట్టి నేనొక్కదాన్నే వచ్చాను. నువ్వు చెప్పినట్టు ముట్టుకోకుండా చూశాను. జరిగినవే రాస్తున్నాను.

తాళం పగలలేదు. బీరువా కదల్లేదు. ఏ వస్తువూ పోలేదు. బాల్కనీలో స్నేక్ ప్లాంట్ నేను వదిలినట్టే నిటారుగా ఉంది. కానీ కుండీలో మట్టి తడిగా ఉంది. వేలు పెడితే అంటుకుంది. పన్నెండు రోజుల కింద పోసిన చెంబు నీళ్లు అలా ఉండవు. వాన జల్లు అక్కడిదాకా పడదు.

తర్వాత దీపం పెడదామని వంటింటి గూటి దగ్గరికి వెళ్లాను. దేవుడి పటాల వెనక నుంచి ఒక తీగ బయటికి వచ్చి ఉంది. వేంకటేశ్వరస్వామి పటం పక్కగా లేత ఆకు ఒకటి నా వైపు తిరిగి ఉంది. పటం జరిపి చూస్తే, తేనె సీసాలో నీళ్లు పోసి పెట్టిన మనీ ప్లాంట్ కొమ్మ. ఆ సీసా నేను పెట్టలేదు. ఆ కొమ్మ నేను తేలేదు.

అత్తకు ఫోన్ చేసి అడిగాను. "నాకేం తెలుసమ్మా, నేనేడుండానో నువ్వేడుండావో," అని పెట్టేసింది. నా గొంతుకు ఆమె కూడా భయపడినట్టుంది.

దొంగైతే ఏదైనా తీసుకెళ్తాడు. వీళ్లు పెట్టి వెళ్లారు. దేవుడి వెనక పెట్టారు. ఎప్పుడంటే అప్పుడు రాగలమని చెప్పడానికి తప్ప ఇలా ఎందుకు చేస్తారు? కింద ప్రహరీ గోడ మీద సక్కుబాయి పెంచే తీగ కూడా మనీ ప్లాంటే. ఆకు పక్కన ఆకు పెట్టి చూశాను. ఒకటే.

తాళం మార్చాను. రాత్రి తలుపుకు బియ్యం డబ్బా అడ్డంపెట్టి పడుకుంటున్నాను.

భార్గవి

*

చందానగర్,
17 అక్టోబర్ 2011, సోమవారం

మామా,

ఈ రోజు మధ్యాహ్నం పన్నెండుకు పోలీసు స్టేషన్‌లో ఫిర్యాదు ఇచ్చాను.

నీ జవాబు కోసం చూశాను. రైళ్లు ఆపేశారు, టపా ఎక్కడుందో తెలియదు. దినేష్ ఫోన్లో ఇవ్వమన్నాడు. ఆఫీసులో ఓంకార్ మాత్రం ఆగమన్నాడు. "జర ఆగు. కింద ఇంటోళ్లను ఒక్కసారి అడుగు. అడిగితే పోయేదేముంది?" అన్నాడు. అతను ఇక్కడివాడు కాబట్టి అలా అంటున్నాడనుకున్నాను. ఆ మాట పైకి అనలేదు, కానీ అతనికి అర్థమైంది.

స్టేషన్‌లో రాసుకునే ఆయన ఎవరి మీదైనా అనుమానముందా అన్నాడు. తెలియదన్నాను. మెట్ల మీదికి ఎవరు రాగలరన్నాడు. కిందివాళ్లు అన్నాను. పేరు అడిగాడు. చెప్పాను. రామన్న ఏం చేస్తాడని అడిగితే సర్కారు ఉద్యోగి, సమ్మెలో ఉన్నాడని చెప్పాను. ఆయన తలెత్తి నన్నొకసారి చూసి, అది కూడా రాసుకున్నాడు.

నేను అబద్ధం చెప్పలేదు. తిరిగి వస్తుంటే సక్కుబాయి గేటు దగ్గర బియ్యం చెరుగుతోంది. దారి ఇవ్వడానికి చేట పక్కకు జరుపుకుంది.

వేరే ఇల్లు చూసుకోవాలి. బాచుపల్లి వైపు కాలేజీల దగ్గర మనవాళ్లు ఎక్కువంటున్నారు.

భార్గవి

*

ప్రొద్దుటూరు,
18 అక్టోబర్ 2011

భార్గవీ,

దేవుడి పటాల వెనక తీగ పెట్టింది మీ అత్తే. ఈ పొద్దు సాయంత్రం ఐదింటికి మా అరుగు మీద ఒప్పుకుంది.

నీ 13వ తేదీ జాబు ఈ పొద్దే వచ్చింది. చెన్నమ్మక్క శనక్కాయలు వలవడానికి వచ్చి కూర్చుంటే, ఇంటి సంగతి కదా అని ఆమెకు చదివి వినిపించాను. మట్టి తడి దగ్గర ఆమె పట్టించుకోలేదు. పటాల వెనక తీగ అనగానే చెయ్యి ఆగింది. ఇంత భయంగా రాసిన జాబు విని ఆ మనిషి అడిగిన మొదటి ప్రశ్న ఇది: "ఎన్ని ఆకులేసిందంట?"

ఇంక ఆమెను వదల్లేదు. మీరు బయలుదేరే ముందు రోజు, కింది గోడ మీది తీగలోంచి కొమ్మ తుంచిందట. నువ్వు నవ్వుతావని పటాల వెనక పెట్టిందట. ఫోన్లో ఎందుకు చెప్పలేదంటే, చెబితే నిలవదట. "కొడుకు ఇల్లు అక్కడ నిలవాలని కదయ్యా పెట్టింది, నోరిప్పితే పాయె కదా," అంది. మీరు బెంగళూరు పోతున్న సంగతి సక్కుబాయికి చెప్పింది కూడా ఈమే. నీకు ఫోన్ చేసి చెప్పమంటే చేతులు పట్టుకుంది. సరే, జాబు రాస్తాను, నీ నోటితో చెప్పినట్టు కాదులే అని ఒప్పించాను.

ఇక మట్టి తడి. స్నేక్ ప్లాంట్ మట్ట ఒకటి పట్టుకుని లాగు. గట్టిగా ఉంటే ఎవరో ఒక్కసారి నీళ్లు పోశారు. చేతిలోకి ఊడి వస్తే రోజూ పోశారు. బెదిరించడానికి వచ్చేవాడు రోజూ వచ్చి చెట్టుకు నీళ్లు పోయడు. గ్రిల్లు పక్కనే పెట్టానన్నావు. మెట్ల మీద నుంచి చెంబు లోపలికి దూరుతుందేమో చూసుకో.

తాళంచెవి సంగతిలో నేను రాసింది తొందరపాటు. నీకు చెప్పిన సూత్రాన్నే నేను పాటించలేదు. వెళ్లి ఆమెను అడుగు. అడిగేదాకా ఇంకే పనీ చేయకు.

మీ మామ,
పెద్దన్న

*

చందానగర్,
23 అక్టోబర్ 2011, ఆదివారం

మామా,

మట్ట చేతిలోకి ఊడి వచ్చింది.

నీ జాబు నిన్న ఉదయం చేరింది. "ఇంకే పనీ చేయకు" అన్న చోటికి వచ్చేసరికి, ఆ పని చేసి ఐదు రోజులైంది. నా 17వ తేదీ జాబు నీకు ఈపాటికి అందే ఉంటుంది. శుక్రవారం కానిస్టేబుల్ వచ్చి, సోమవారం పదకొండింటికి స్టేషన్‌కు రావాలని రామన్నకు చెప్పి వెళ్లాడు. కారణం చెప్పలేదట. సమ్మె టెంటులో కూర్చున్నందుకేనని వాళ్లిద్దరూ అనుకున్నారు. లోపలేస్తారేమోనని ఇంట్లో బట్టల సంచి కూడా సర్దిపెట్టుకున్నారు.

మొదట మట్ట లాగాను. ఒకటి తర్వాత ఒకటి అన్నీ వచ్చాయి. పైన పచ్చగా, గట్టిగా ఉన్నాయి. మొదలంతా నల్లగా మెత్తబడి కంపు కొడుతోంది. మెట్ల మీద నిలబడి చెంబు పట్టుకుని చూశాను. గ్రిల్లు సందులోంచి చెయ్యి మోచేతి దాకా వెళ్తుంది.

ఊడిన మట్టలు, తీగ సీసా రెండూ పట్టుకుని కిందికి వెళ్లాను. సక్కుబాయి మట్టలు చూసి, "అయ్యో, సచ్చిపాయెనా? దినాం పోస్తనే ఉంటి," అంది. ఎందుకు పోశారని అడిగాను. తాళమేసిన ఇంటి ముందు చెట్టు ఎండితే, పై ఇల్లు పాడుబడ్డట్టు కనబడుతుందట. వీధిలో ఇప్పటికే ఒకరిద్దరు అడిగారట, ఆంధ్రోళ్లు భయపడి పోయిన్రా, మీరే ఎల్లగొట్టిన్రా అని.

"గందుకే ఎప్పుడు పోతున్నరు, ఎప్పుడొస్తరు అని అడగబోతి. తాళంచెవి అడిగింది గూడ ఇల్లు చూసుకుందమనే. నువ్వేమో మొకం తిప్పుకుంటివి. తెలిస్తే నలుగురికి చెప్పుకుందును కదా, మా వాళ్లు ఫలానా నాడు వస్తున్నరని."

సీసా చూపించాను. చూస్తూనే గుర్తుపట్టింది. మా అత్త తుంచడం కిటికీలోంచి చూసిందట. "దొంగ తీగను అడగొద్దు. అడిగితే ఇద్దరి ఇండ్లకూ కలిసిరాదు. గందుకే సప్పుడు జెయ్యలే," అంది. రెండు ఊళ్లవాళ్లకూ ఒకటే నమ్మకం. రెండు ఊళ్లవాళ్లూ దాన్ని దాటి నోరు విప్పలేదు.

అప్పుడు ఫిర్యాదు సంగతి చెప్పాను. నిలబడే చెప్పాను, కూర్చోమని ఆమె అన్నా కూర్చోలేకపోయాను. సక్కుబాయి నా చేతిలోని మట్టలు తీసుకుని నేలమీద ఒకదాని పక్కన ఒకటి పేర్చింది. రామన్న లోపలి నుంచి అంతా విన్నాడు. బయటికి వచ్చి అడిగాడు:

"నా పేరు నువ్వు చెప్పినవా, వాళ్లు రాసుకున్నరా?"

నేనే చెప్పానన్నాను.

"నౌకరీ సంగతి?"

అదీ నేనే చెప్పానన్నాను. ఆయన సక్కుబాయి వైపు తిరిగాడు. సమ్మెలో ఉన్నవాడి మీద కేసు పడితే ఆఫీసు వాళ్లకు వేరే కారణం అక్కర్లేదట. సస్పెన్షన్ కాగితం దానంతట అదే వస్తుందట. ఇది ఆయన నాతో అనలేదు. సక్కుబాయితో అన్నాడు, నాకు వినిపించేలా.

నిన్న మధ్యాహ్నమే స్టేషన్‌కు పరుగెత్తాను. రాసుకున్నాయన గుర్తుపట్టాడు. పొరపాటైంది, వెనక్కి తీసుకుంటానన్నాను. "రాసింది కొట్టెయ్యడం నా చేతుల్లో లేదమ్మా. సార్ సోమవారం వస్తడు, ఆయన ముందర చెప్పుకో," అన్నాడు. రామన్న ఆఫీసుకు కబురు పంపారా అని అడిగాను. చెప్పలేదు. పంపారో లేదో రేపుగానీ తెలియదు.

రాత్రంతా ఆలోచించాను. నెల రోజులుగా నేను ఎవరిని చూసి భయపడ్డానో వాళ్లు నాకేం చేయలేదు. నేను వాళ్లకు చేశాను. ఈ రోజు భయం వేరు. ఇది నాకు కొత్త.

ఉదయం అత్తకు ఫోన్ చేశాను. ఈసారి ఆమె "నాకేం తెలుసు" అనలేదు. అంతా విని, "ఎంత పని చేస్తివే తల్లీ. ఎంత పని చేస్తిని నేను," అంది. నోరిప్పితే తీగ నిలవదు కదత్తా అన్నాను. తీగ పోతే పోయె, మనిషిని పోగొట్టుకుంటామా అంది. తుంచింది తానేనని పోలీసుల ముందు తన నోటితోనే చెబుతుందట. ఈ రాత్రి ప్రైవేటు బస్సు నీ పక్కింటబ్బాయి ఎక్కిస్తాడట. ఈ జాబు అందేసరికి దారిలో తినడానికి నువ్వు ఏమైనా కట్టి ఇచ్చే ఉంటావు, నా మాట అయితే వినదు.

ఓంకార్ కూడా స్టేషన్‌కు వస్తానన్నాడు. వద్దన్నాను. తర్వాత మళ్లీ ఫోన్ చేసి రమ్మన్నాను.

స్నేక్ ప్లాంట్ కుండీ ఖాళీ చేసి ఎండలో పెట్టాను. అందులో ఏం పెట్టాలో ఇప్పుడు అడగను. తీగ ఇంకా సీసాలోనే ఉంది, మూడో ఆకు విప్పుకుంటోంది. పారేయాలా అని సక్కుబాయిని అడిగితే రామన్న జవాబు చెప్పాడు. "ఉంచు. సీసా పట్టుకొని రా. చూపియ్యాలె కదా."

అత్త బస్సు రేపు ఉదయం ఆరున్నరకు చందానగర్ చౌరస్తాలో ఆగుతుంది. ఆమెను తీసుకురావడానికి నేనూ సక్కుబాయీ వెళ్తాం. పదకొండింటికి స్టేషన్‌లో ఉండాలి. ముందు నేను మాట్లాడాలి, నా యాసలోనే.

భార్గవి